ఈ తిట్టు ఎవరికి? ‘అమెరికన్ ఇడియట్’ ఆల్బమ్ మీద తిరుపతిలో ఒక వాదన

అమెరికాకు చెందిన గ్రీన్ డే అనే పంక్ రాక్ బృందం 2004 సెప్టెంబరు 21న విడుదల చేసిన ‘అమెరికన్ ఇడియట్’ ఆల్బమ్ మీద శ్రోతల అభిప్రాయాలు ఇరవై ఏళ్లు దాటినా ఒక కొలిక్కి రాలేదు. యుద్ధకాలంలో నోరు విప్పిన ధైర్యం అని కొందరంటారు. యుద్ధాన్ని అడ్డం పెట్టుకుని సరుకు అమ్ముకున్నారని కొందరంటారు. వేగంగా, మొరటుగా, ఎదిరించే గొంతుతో సాగే పంక్ సంగీతాన్ని తీసుకెళ్లి నాటకశాలలో పెట్టారని మరికొందరి ఫిర్యాదు. రాజకీయం సంగతి మాకు అనవసరం, అందులో చనిపోయిన తండ్రి మీద పాడిన పాట ఒకటుంది, అది చాలు అనేవాళ్లు అందరికన్నా ఎక్కువ. తిరుపతిలో ఆదివారం సాయంత్రాలు ఒకచోట చేరి పాటలు వినే మా కొద్దిమందిలోనే ఈ నాలుగు రకాల వాళ్లూ ఉన్నారు. గట్టిగా వాదించుకుంటారు, ఎవరూ తగ్గరు.

ఆ వాదనలు వినగా వినగా నాకు ఒక సంగతి స్పష్టమైంది. వీళ్లందరూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నామని అనుకుంటున్నారు. నిజానికి ఒకరు పాటల్లోని మాటల గురించి, ఒకరు పాడినవాళ్ల నిజాయితీ గురించి, ఒకరు సంగీత సంప్రదాయం గురించి, ఒకరు తమ సొంత దుఃఖం గురించి మాట్లాడుతున్నారు. వీటన్నిటికీ ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. ఆల్బమ్ పేరులోనే ఒక తిట్టు ఉంది కదా, అది ఎవరిని ఉద్దేశించినది? దీనికి జవాబు తేల్చుకోకుండా మిగతావి తేలవు.

ముందు ఆ కాలం గురించి కొంత చెప్పుకోవాలి. 2001 సెప్టెంబరు 11 దాడుల తరవాత అమెరికాలో దేశభక్తి ఒక ఆజ్ఞలా మారింది. 2003 మార్చిలో ఇరాక్ మీద యుద్ధం మొదలైంది. సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని చెప్పి వెళ్లారు. వాటి నిల్వలు లేవని అమెరికా ప్రభుత్వం నియమించిన పరిశోధక బృందమే 2004 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. యుద్ధం మొదలవడానికి కొద్ది రోజుల ముందు డిక్సీ చిక్స్ అనే మహిళల బృందంలోని గాయని లండన్ వేదిక మీద, అధ్యక్షుడు మా రాష్ట్రం వాడైనందుకు సిగ్గుపడుతున్నామని అంది. ఆ ఒక్క మాటకు వాళ్ల పాటలను ఎన్నో రేడియో కేంద్రాలు ఆపేశాయి. జనం వాళ్ల సీడీలను రోడ్డు మీద పోసి తొక్కించారు. ఆ రోజుల్లో టెక్సస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి తరవాత తిరుపతికి తిరిగి వచ్చిన మిత్రుడొకాయన, ఆఫీసులో భోజనాల దగ్గర కూడా యుద్ధం మాట ఎత్తేవాళ్లు కాదని చెబుతాడు. బయటి దేశం నుంచి వచ్చినవాళ్లకు అది మరీ కష్టం. కారులో ఒంటరిగా ఉన్నప్పుడు ఈ ఆల్బమ్ పెట్టుకుని గొంతెత్తి పాడేవాడట. ఆయనకు ఇది ఊపిరి పీల్చుకోనిచ్చిన సంగీతం. సాహిత్యపు కొలతలతో ఆయనను ఒప్పించడం కుదరదు, ఒప్పించనవసరమూ లేదు.

అయితే ఒక తేదీ గుర్తుంచుకోవాలి. ఆల్బమ్ వచ్చిన ఆరు వారాలకు, నవంబరు 2న, అధ్యక్ష ఎన్నిక జరిగింది. అప్పటి అధ్యక్షుడు బుష్ మళ్లీ గెలిచాడు. అమెరికాలో యుద్ధం మీద అనుమానాలు అప్పటికే పెరుగుతున్నాయి. 2003 మార్చిలో మాట్లాడటం వేరు, 2004 సెప్టెంబరులో మాట్లాడటం వేరు. ఆలస్యంగా వచ్చిన ధైర్యం అని విమర్శించేవాళ్ల మాటలో కొంత నిజముంది.

ఇక ఆల్బమ్‌లో ఏముంది? పదమూడు పాటలు, యాభై ఏడు నిమిషాలు. బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు, గిటారు. మైక్ డర్న్ట్ బేస్ గిటారు. ట్రే కూల్ డ్రమ్స్. వీటిలో ఆనాటి రాజకీయాన్ని సూటిగా పట్టుకున్న పాటలు రెండే. ఒకటి ఆల్బమ్ పేరు మోసే మొదటి పాట, రెండోది ‘హాలిడే’. మిగతాదంతా ఒక కథ. ఊరి శివారు కాలనీలో పుట్టి, టీవీ ముందు, మత్తు మందుల మధ్య పెరిగిన కుర్రవాడొకడు ‘జీసస్ ఆఫ్ సబర్బియా’ అని తనకు తానే పేరు పెట్టుకుని నగరానికి పారిపోతాడు. అక్కడ సెయింట్ జిమ్మీ అనే మొండివాడు తగులుతాడు. వాడు వేరే మనిషి కాదు, ఈ కుర్రవాడి లోపలి మరో ముఖమే అని చాలామంది వింటారు, నేనూ అలాగే వింటాను. ఒక అమ్మాయి తారసపడుతుంది. ఆమె తిరుగుబాటు మనిషి. చివరికి జిమ్మీ తనను తాను చంపుకుంటాడు, అమ్మాయి దూరమవుతుంది, కుర్రవాడు వదిలి వచ్చిన ఇంటికే తిరిగి వెళతాడు.

చిత్తూరు జిల్లా పల్లెల్లో పెరిగిన శ్రోతకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. వేసవిలో పద్దెనిమిది రోజులు మహాభారత ఉత్సవాలు జరిగే ఊళ్లు అక్కడ ఎన్నో ఉన్నాయి. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం. ఒకే కథను పాటలుగా కత్తిరించి, ఒక్కొక్క పాటను ఒక్కొక్క ఘట్టంగా నిలబెట్టడం మనవాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. అందుకే కాబోలు, తొమ్మిది నిమిషాలకు పైగా సాగే రెండు పాటలను, ఒక్కొక్కటి అయిదు భాగాలుగా మలుపులు తిరిగే వాటిని, మా బృందంలో ఎవరూ విసుక్కోలేదు. పంక్ అంటే రెండు నిమిషాల్లో ముగిసే పాట అని నేర్చుకున్నవాళ్లకే అది అభ్యంతరమైంది.

ఇప్పుడు తిట్టు దగ్గరికి వద్దాం. పేరు చూసిన చాలామంది ఆ ‘ఇడియట్’ బుష్ అనుకుంటారు. మొదటి పాటను మాటల పుస్తకం దగ్గర పెట్టుకుని వినండి. అందులో అధ్యక్షుడి పేరే లేదు. ఉన్నది ప్రసార మాధ్యమాలు. ఆ పాట తిడుతున్నది టీవీ చెప్పినదల్లా నమ్మి, భయపడమన్నప్పుడు భయపడి, ఊగమన్నప్పుడు ఊగే పౌరుణ్ణి. యుద్ధ వార్తలు ఇరవై నాలుగు గంటలూ తెర మీద పరుగెత్తిన కాలం అది. సైన్యం వెంటే విలేఖరులను పంపి, ట్యాంకుల పక్కన నిలబెట్టి దృశ్యాలు చూపించారు. అలాంటి పౌరుడిగా నేనుండను అని గాయకుడు మొదటి వాక్యంలోనే భీష్మించుకుంటాడు. అలా భీష్మించుకోవాల్సి వచ్చిందంటే, అయిపోతానేమో అన్న భయం అతనిలోనూ ఉందన్నమాట.

ఇంకొక సంగతి మనవాళ్లు సాధారణంగా గమనించరు. ఆ పాటలో స్వలింగ ప్రియులను కించపరిచే అమెరికన్ తిట్టు ఒకటి ఉంది. రేడియోలో దాన్ని మూసేసేవారు. విడిగా వింటే గాయకుడు ఎవరినో అవమానిస్తున్నాడని అనిపిస్తుంది. కానీ ఆ తిట్టును అతను వేసుకున్నది తన మీదే. మీ దేశభక్తి పట్టికలో చోటు లేనివాణ్ణి నేను, అవును, మీరు పిలిచే ఆ పేరు నాదే అంటున్నాడు. బిల్లీ జో తాను ద్విలింగ ప్రియుడినని 1995లోనే ఒక పత్రికకు బహిరంగంగా చెప్పిన మనిషి. ఇది తెలియకపోతే పాట తలకిందులుగా అర్థమవుతుంది. ‘హాలిడే’ మధ్యలో వచ్చే ఉపన్యాసం కూడా ఇలాంటిదే. అక్కడ హఠాత్తుగా చట్టసభలో ఒక ప్రతినిధి లేచి మాట్లాడుతున్నట్టు గొంతు మారుతుంది. అధ్యక్షుడికి నాజీల వందనం చేసి, మా ప్రభుత్వాన్ని విమర్శించేవారి ఈఫిల్ టవర్లు కూల్చాలి, మాతో ఏకీభవించనివాళ్లను చంపాలి అంటాడు. యుద్ధాన్ని ఫ్రాన్స్ వ్యతిరేకించినందుకు, 2003లో అమెరికా చట్టసభ క్యాంటీన్లలో ‘ఫ్రెంచ్ ఫ్రైస్’ పేరు మార్చి ‘ఫ్రీడమ్ ఫ్రైస్’ అని రాసిన రోజులు గుర్తుంటే ఈఫిల్ టవర్ ఎందుకొచ్చిందో తెలుస్తుంది. ఆ మాటలు గాయకుడివి కావు, అతను వేసిన వేషానివి. నాజీలతో పోలిక అతిశయమని, అది నాజీల చేతిలో చనిపోయినవాళ్లను చిన్నబుచ్చడమని కొందరు శ్రోతలంటారు. ఆ అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చలేను. అయితే వేషం మాట్లాడుతున్నదనే సంగతి మరచి తప్పు పట్టేవాళ్లతో మాత్రం ఏకీభవించను.

వేషం, తిట్టు అనగానే తిరుపతి మనిషికి తాతయ్యగుంట గంగమ్మ జాతర గుర్తురాకుండా ఎలా ఉంటుంది? ఏటా మే నెలలో జరిగే ఆ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి ఇలా రోజుకొక వేషం. మగవాళ్లు చీరలు కట్టుకుంటారు. వేషంలో ఉన్నవాళ్లు దారిన పోయేవాళ్లను బూతులు తిడతారు. తిట్టించుకున్నవాళ్లు కోపగించుకోరు, అది మొక్కు. ఊళ్లో చెప్పుకునే కథ ప్రకారం, ఆడవాళ్లను చెరిచిన ఒక పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి ఆమె వేషాలు మార్చింది. దొర వేషం చూసి నిజంగా దొరే వచ్చాడనుకుని బయటికి వచ్చినవాణ్ణి సంహరించింది. అంటే ఇక్కడి తిట్టు కోపం తీర్చుకోవడానికి పుట్టింది కాదు. దాక్కున్న అధికారాన్ని వెలుతురులోకి లాగడానికి పుట్టింది. తిట్టిన మనిషి మనసు ఎలాంటిదని జాతరలో ఎవరూ అడగరు. తిట్టు పని చేసిందా లేదా అన్నదే లెక్క.

మా బృందంలో ఒక పెద్దమనిషి ఈ పోలికను వెంటనే తోసిపుచ్చాడు. ఆయన యౌవనంలో ప్రజానాట్యమండలి పాటలు పాడినవాడు. “జాతర అయిపోయాక ఎవరి వేషం వారు కడుక్కుని ఇళ్లకు పోతారు. మళ్లీ ఏడాది దాకా అందరూ నోరు మూసుకుంటారు. నీ ఆల్బమ్ కూడా అంతే బాబూ. ఏడాదికి కొన్ని రోజులు అరవడానికి ఇచ్చిన సెలవు,” అన్నాడు. చాలా లోతైన విమర్శ ఇది. ఆయన ఇంగ్లీషు పాటలు ఎక్కువ వినడు, కానీ విషయం ఎక్కడుందో పట్టుకున్నాడు. అనుమతితో చేసే తిరుగుబాటు దేన్ని మారుస్తుంది? వార్నర్ సంస్థకు చెందిన రిప్రైజ్ కంపెనీ ఈ రికార్డును అచ్చు వేసి అమ్మింది. తొలి వారంలోనే అమెరికాలో సుమారు 2,67,000 ప్రతులు అమ్ముడై, అమ్మకాలను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానంలో దిగింది. తిట్టించుకున్న వ్యవస్థే డబ్బు లెక్కపెట్టుకుంది.

గ్రీన్ డే మీద ఈ అభియోగం 2004లో మొదలైంది కాదు. కాలిఫోర్నియాలో బర్క్లీ నగరంలోని 924 గిల్మన్ వీధిలో పంక్ యువకులు స్వచ్ఛందంగా నడుపుకునే వేదిక ఒకటుంది. గ్రీన్ డే పెరిగింది అక్కడే. పెద్ద కంపెనీలతో ఒప్పందం చేసుకున్న బృందాలకు ఆ వేదిక మీద చోటు లేదన్నది అక్కడి నియమం. 1993లో గ్రీన్ డే రిప్రైజ్‌తో ఒప్పందం చేసుకోగానే సొంత ఇంటి తలుపు మూసుకుంది. మరుసటి ఏడాది వచ్చిన ‘డూకీ’ ఆల్బమ్ లక్షల్లో అమ్ముడైంది, పాత మిత్రుల కోపం ఇంకా పెరిగింది. ఆ వేదిక మీద వాళ్లు మళ్లీ పాడింది 2015లోనే. కాబట్టి అమెరికన్ పంక్ శ్రోత ఈ ఆల్బమ్‌ను తూచేటప్పుడు, వీళ్లు అమ్ముడుపోయారా అన్న పాత గాయం కూడా తక్కెడలో ఉంటుంది.

తెలుగు శ్రోత తక్కెడ వేరు. మనకు రాజకీయ పాట ఎప్పుడూ ఒక గుంపుతో కలిసి వచ్చింది. గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరల మీద పాడితే దాని వెనక సహాయ నిరాకరణ ఉద్యమం ఉంది, ముందు జైలు ఉంది. 1940లలో ప్రజానాట్యమండలి పాట వెనక రైతు సంఘం ఉంది. తరవాత వంగపండు, గద్దర్ వచ్చారు. గజ్జె, గొంగడి, డప్పు, వెనక వంత పాడేవాళ్లు, వాళ్ల వెనక జనం. అందువల్ల మన పెద్దవాళ్లు అడిగే ప్రశ్న అమ్ముడుపోయారా అని కాదు. పాట అయిపోయాక జనం ఎక్కడికి వెళతారు, ఏ ఊరేగింపులో కలుస్తారు అని. ఈ ఆల్బమ్ దగ్గర దానికి జవాబు లేదు. ఓటు వేయించడానికి నోఎఫెక్స్ అనే పంక్ బృందానికి చెందిన ఫ్యాట్ మైక్ నడిపిన ‘రాక్ అగెనెస్ట్ బుష్’ సంకలనాలకు గ్రీన్ డే 2004లో ఒక పాట ఇచ్చిన మాట నిజమే. కానీ ఈ ఆల్బమ్‌లో ప్రతిపక్షం ఊసే లేదు. ఎన్నికలు వస్తే ప్రచార రథాల మీద పార్టీకొక పాట మోగే ఊళ్లో ఉన్న మనకు, పాలకుణ్ణి తిట్టిన పాట వినగానే ప్రతిపక్షం రాయించిందేమో అన్న అనుమానం ముందు వస్తుంది. ఏ పార్టీకీ చెందని కోపం వినడం మనకు అలవాటు లేదు. దాన్ని అర్థం చేసుకోవడానికి 1965లో వచ్చిన దిగంబర కవులు కొంత సాయపడతారు. వాళ్లదీ సమాజం మొత్తాన్ని నిలబెట్టి తిట్టిన కవిత్వమే, చదువుకున్నవాళ్ల చెవులు మూయించిన భాషే. మూడు సంపుటాలతో అది ఆగిపోయింది. వారిలో కొందరు 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలో చేరారు. మన దగ్గర ఆ కోపం ఒక సంస్థను వెతుక్కుంటూ వెళ్లింది. గ్రీన్ డే కోపం సంగీత నాటకమై 2010లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకశాలకు వెళ్లి ఏడాది పాటు టిక్కెట్ల మీద ఆడింది. పెద్దాయన ఈ మాట వినగానే గెలిచినట్టు చూశాడు.

ఆయన పూర్తిగా గెలిచాడని నేను అనుకోవడం లేదు. అన్నమయ్య తనను పొగుడుతూ పదం పాడమన్న సాళువ నరసింహరాయలను కాదని సంకెళ్లు వేయించుకున్న కథ తిరుపతిలో పిల్లలకు కూడా తెలుసు. ఆ పాట వెనక ఏ సంఘమూ లేదు, ఒక మనిషి ‘కాదు’ అనడం మాత్రమే ఉంది. ‘కాదు’ అన్న మాటకు కూడా పాటలో విలువ ఉంది. అది ఎవరినీ ఎక్కడికీ నడిపించకపోవచ్చు. వినేవాడు ఒంటరిని అనుకోకుండా చేస్తుంది. టెక్సస్‌లో కారు తలుపులు మూసుకుని పాడిన నా మిత్రుడికి జరిగింది అదే.

ఇది పంక్ అవునా కాదా అన్న వాదన మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. మూడో స్వరం వదిలేసి షడ్జమం, పంచమం మాత్రమే మోగించే పవర్ కార్డులు, అరచేతి అంచుతో తీగలను అణచి వేసే దెబ్బలు, పరుగెత్తే డ్రమ్స్, అన్నీ పంక్‌వే. కథను పాటలుగా నడపడం 1969లో ‘ద హూ’ అనే బ్రిటిష్ రాక్ బృందం చేసినదానికి వారసత్వం. రెండూ కలిపారు. కలపకూడదని ఎక్కడా రాసి లేదు. పెద్ద కంపెనీలో ఉండి రాజ్యాన్ని తిట్టడం కూడా 1977 నుంచి లండన్ పంక్ బృందాల్లో ఉన్నదే.

నాకు ఎక్కువ ఆలోచన కలిగించినది బయటివాళ్లు ఈ ఆల్బమ్‌ను వినే తీరు. 2005 జూన్‌లో ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో గ్రీన్ డే రెండు రోజులు కచేరీ చేసింది. లక్షకు పైగా బ్రిటిష్ శ్రోతలు వచ్చారు. ఆ జనమంతా ‘అమెరికన్ ఇడియట్‌గా ఉండను’ అని ఒకే గొంతుతో పాడిన దృశ్యం తరవాత వీడియోగా వచ్చింది. ‘ద కిల్లర్స్’ అనే అమెరికన్ రాక్ బృందం గాయకుడు బ్రాండన్ ఫ్లవర్స్ 2006లో దాని మీద మండిపడ్డాడు. ఆ పిల్లలు పాడుతున్నది గ్రీన్ డే ఉద్దేశించిన అర్థంలో కాదు, అది అమెరికా మీద ద్వేషంగా మారుతోంది అన్నది అతని బాధ. అప్పట్లో చాలామంది అతన్ని ఎద్దేవా చేశారు. అతను సగం సరిగ్గానే చెప్పాడని ఇప్పుడు నాకనిపిస్తుంది. ఆ కచేరీ నాటికి బ్రిటిష్ సైన్యం కూడా ఇరాక్‌లోనే ఉంది. తమ ప్రభుత్వం కూడా అదే యుద్ధంలో ఉండగా, తప్పు అమెరికాదేనన్నట్టు పాడటం సుఖంగా ఉంటుంది.

తిరుపతిలో మనం చేస్తున్నదీ అదేనా? మా బృందంలో ఇంజనీరింగ్ కుర్రవాళ్లు ఈ పాట మోగితే ఉత్సాహంగా ఎగురుతారు. వాళ్లలో సగం మంది అమెరికా వీసా కోసం చూస్తున్నవాళ్లే, అందులో తప్పేమీ లేదు. కానీ పాట అయిపోయాక ఒకరోజు, పేరులోని అమెరికన్ అన్న మాట తీసేసి మన ఊరి పేరు పెట్టి వినండి అన్నాను. సాయంత్రం ఏడు గంటలకు తెలుగు వార్తా ఛానళ్లు ఒక్కొక్కటి ఒక్కో పార్టీకి వంత పాడుతూ, తెర నిండా ఎర్ర అక్షరాలు పరుగెత్తించే సమయం అది. ఏ ఇంట్లో ఏ ఛానల్ మోగుతుందో చెబితే ఆ ఇంటి ఓటు చెప్పేయవచ్చు. ఫోనులో వచ్చిన వీడియోను సరిచూడకుండా నలుగురికి పంపేవాళ్లం మనమే. అప్పుడు ఈ పాట ఎగరడానికి అంత అనువుగా ఉండదు. ఒక కుర్రవాడు, “అప్పుడు ఈ పాట నాకు నచ్చదు సార్,” అన్నాడు. ఆ రోజు విన్న అభిప్రాయాల్లో అంత నిజాయితీ గలది మరొకటి లేదు. తిట్టు ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది.

ఇక దుఃఖం పాట. ‘వేక్ మీ అప్ వెన్ సెప్టెంబర్ ఎండ్స్’ గురించి వేరే చెప్పాలి. ఈ ఆల్బమ్‌లోకి తిరుపతి శ్రోతలు ఎక్కువమంది అడుగుపెట్టే ద్వారాలు రెండు. ఒకటి ఇది. రెండోది 2006లో గ్రామీ అవార్డుల్లో ‘రికార్డ్ ఆఫ్ ద ఇయర్’ గెలిచిన ‘బౌల్‌వార్డ్ ఆఫ్ బ్రోకెన్ డ్రీమ్స్’. గిటారు నేర్పేవాళ్లకు ఆ రెండో పాట వరం లాంటిది. మొదటి మెట్టు మీద కేపో (తీగలను నొక్కి పట్టే పట్టీ) బిగించి ఈ మైనర్, జీ, డీ, ఏ అనే కార్డులు పట్టుకుంటే పాట మొదలైపోతుంది. హాస్టల్ గదుల్లో దీన్ని వాయించేవాళ్లలో బుష్ ఎవరో తెలియనివాళ్లు కూడా ఉన్నారు. రికార్డులో ‘హాలిడే’ గోల ఆగీ ఆగగానే ఆ ధ్వని తోకను పట్టుకునే ఈ పాట మొదలవుతుందన్న సంగతి, విడి పాటలుగా వినేవాళ్లకు తెలిసే వీలే లేదు. నినాదాలు అయిపోయాక వీధిలో ఒక్కడే మిగిలినవాడి పాట అది. ఆ వరసలో వింటేనే అది రాజకీయ పాట అని తెలుస్తుంది.

సెప్టెంబరు పాట బిల్లీ జో తన తండ్రి మీద రాసినది. ఆయన 1982 సెప్టెంబరులో క్యాన్సర్‌తో పోయాడు. కొడుకుకు అప్పుడు పదేళ్లు. కథలోని కుర్రవాడికి ఈ పాటతో నేరుగా సంబంధం లేదు. కానీ శామ్యూల్ బేయర్ తీసిన వీడియోలో ఇది ఇరాక్ వెళ్లిన సైనికుడి, అతని కోసం ఎదురుచూసే ప్రియురాలి కథ అయింది. సెప్టెంబరు అన్న మాట వల్ల చాలామంది అమెరికన్లు దీన్ని 2001 దాడుల పాటగా విన్నారు. 2005లో కత్రినా తుఫాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచినప్పుడు ఎవరో ఆ దృశ్యాలకు ఈ పాటను జోడించారు, అప్పటి నుంచి అది వరద బాధితుల పాట కూడా అయింది. ఒక తండ్రి మరణం నాలుగు దుఃఖాలకు సరిపోయింది. పాటలో రాజకీయం లేదు, దాన్ని వాడుకున్న తీరులో మాత్రం ఉంది. రాసినవాడి అర్థం ఒక్కటే చెల్లుతుందని పట్టుబట్టేవాళ్లు ఈ పాట దగ్గర ఆగి ఆలోచించాలి.

మా బృందంలో ఒక యువకుడు కరోనా రెండో ఉధృతిలో తండ్రిని పోగొట్టుకున్నాడు. అతను ఈ పాట ఒక్కటే వాయిస్తాడు. ఆల్బమ్ మొత్తం వినమని నేను చాలాసార్లు చెప్పాను. “మిగతావి అరుపులు అన్నా, నాకు పడవు,” అంటాడు. అతన్ని రాజకీయం పట్టనివాడని అనడానికి నాకు నోరు రాలేదు. మంచం కోసం, ఆక్సిజన్ కోసం రాత్రంతా తిరిగినవాడికి ప్రభుత్వం అంటే ఏమిటో మాలో ఎవరికన్నా బాగా తెలుసు. అతని దుఃఖంలో రాజకీయం ఉంది, అతను దాన్ని ఆ పేరుతో పిలవడు, అంతే.

ఆల్బమ్ ఏం సాధించింది అన్న ప్రశ్న మిగిలింది. ఎన్నికను మార్చలేదు, యుద్ధాన్ని ఆపలేదు. 2018లో ట్రంప్ బ్రిటన్ పర్యటనకు వచ్చినప్పుడు అక్కడి శ్రోతలు కొందరు ‘అమెరికన్ ఇడియట్’ పాటను అక్కడి పాటల పట్టికలో మొదటి స్థానానికి చేర్చాలని ప్రచారం చేశారు. 2023 డిసెంబరు 31 రాత్రి టీవీ కార్యక్రమంలో బిల్లీ జో అదే పాటలో ఒక పంక్తిలోని మాటను మార్చి, ట్రంప్ అనుచరుల నినాదాన్ని అందులో పెట్టి పాడాడు. మర్నాడు మళ్లీ అదే గొడవ, రాజకీయాలు ఎందుకు, పాటలు పాడుకో అని. ఇరవై ఏళ్లుగా ఆ పాటకు ఎగిరినవాళ్లలో కొందరు అందులో రాజకీయం ఉందని ఆ రోజే కనిపెట్టినట్టు కోపగించుకున్నారు. చెవిలో పడటం వేరు, వినడం వేరు.

ఆల్బమ్ మీద నాకు తగిలిన గట్టి విమర్శ ఈ నాలుగు వాదనల్లో దేనికీ చెందదు. రాజనీతి శాస్త్రం చదివే ఒక అమ్మాయి చేసింది. “సార్, ఈ కథలో నిజంగా రాజకీయం చేసేది ఎవరు? ఆ కుర్రవాడు టీవీ చూస్తాడు, పారిపోతాడు, మత్తులో పడతాడు, తిరిగి వస్తాడు. ఎదిరించేది, నమ్మిన దాని కోసం నిలబడేది ఆ అమ్మాయి ఒక్కతే. ముఖచిత్రం మీద చేతిలో గుండె ఆకారపు గ్రెనేడు ఉందే, అది కూడా ఆమె మీద రాసిన పాట నుంచి తీసిందే. అలాంటి మనిషికి పేరే లేదు. ‘వాట్సర్‌నేమ్’ అట. చివరి పాటలో హీరో ఆమె ముఖం గుర్తుంది, పేరు గుర్తు లేదు అంటాడు. దీన్ని రాజకీయ ఆల్బమ్ అని మీరెలా అంటారు?” అని అడిగింది.

నేను చెప్పగలిగిన జవాబు ఒకటే. ఆ మరుపే ఈ కథలోని శిక్ష. కోపాన్ని సొంత గొడవగా మార్చుకున్న కుర్రవాడు, ఆ కోపానికి దారి తెలిసిన ఒక్క మనిషిని పోగొట్టుకున్నాడు. ఆఖరి పాటలో మిగిలింది అతని నష్టమే. రాసినవాళ్లకు ఇది తెలుసనే నేను నమ్ముతాను, అందుకే ఈ ఆల్బమ్‌ను ఇంకా గౌరవిస్తాను. ఆమె ఒప్పుకోలేదు. తెలిసి ఉంటే ఆమెకూ ఒక పాట ఇచ్చేవారు కదా, ‘లెటర్‌బాంబ్’ పాటలో ఆమె రాసిన ఉత్తరాన్ని కూడా బిల్లీ జోనే పాడాడు, పదమూడు పాటల్లో ఒక్కటైనా మొత్తం ఆడగొంతుతో లేదేం అంది. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక ఆల్బమ్ మళ్లీ మొదటి నుంచి విన్నాను. లేదు.